కూలిపోయిన స్టేషన్లో కాపురం

తాను కాపురముంటున్న ఇల్లు ఇరవై రెండేళ్ల కిందటే నేలమట్టమైందన్న సంగతి ఎర్రజెండాకు ఒక మంగళవారం పొద్దున్న, పళ్లు తోముకుంటుండగా తెలిసింది. చెప్పినవాడు సొంత బావమరిది. జిల్లా కార్యాలయంలో గుమాస్తా. సైకిలు దిగీ దిగకముందే సంచిలోంచి అచ్చుకాగితాల కట్ట ఒకటి తీసి, "బావా, నువ్వు లేవు" అన్నాడు.

ఎర్రజెండా నోట్లో నురుగు ఉమ్మి, "ఎక్కడ లేను?" అన్నాడు.

"పుస్తకంలో. అంటే నువ్వు కాదులే, నీ స్టేషను. ‘ఆరో స్టేషను, కూల్చివేయబడినది’ అని వేశారు. తేదీతో సహా."

ఆయన వెనక్కి తిరిగి చూశాడు. గోడ ఉంది. కప్పు మీద పెంకులున్నాయి. లోపల్నుంచి భార్య గిన్నెలు విసిరి పారేస్తున్న చప్పుడు వినిపిస్తోంది.

"నిన్నటిదాకా ఉందిరా" అన్నాడు, ఏదో అనుమానంగానే. అచ్చులో వచ్చినదాన్ని కాదనే ధైర్యం ఆయనకు పుట్టుకతో లేదు.

ఎర్రజెండా అనేది అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదు, ఊరు పెట్టింది. ప్లాట్‌ఫాం మీద గింజలు ఆరబోసుకుంటామంటే వద్దు. వెయిటింగ్ రూములో పేకాట ఆడుకుంటామంటే వద్దు. గోడ మీద సబ్బు ప్రకటన రాయించుకుంటామంటే అసలే వద్దు. ఇరవయ్యో ఏట సిగ్నల్ దీపాలు తుడిచి నూనె పోసే పనిలో చేరాడు. తర్వాత పాయింట్స్‌మన్ అయ్యాడు. బండిని ఒక పట్టా మీంచి ఇంకో పట్టా మీదికి మళ్లించే ఉద్యోగమది. ఆ స్టేషన్లో ఉన్నవే రెండు పట్టాలు, వచ్చేదే పూటకో బండి. అయినా ఆయన మళ్లించే తీరు చూస్తే, చెయ్యి కాస్త జారితే దేశం రెండు ముక్కలవుతుందేమో అనిపించేది.

ఆయనకు నలభై ఆరేళ్లప్పుడు లైను మూసేశారు. జిల్లాలో పదకొండు స్టేషన్లు, పదకొండిట్లోనూ బండి ఎక్కేవాళ్లకన్నా బండి చూడ్డానికొచ్చేవాళ్లే ఎక్కువని పైవాళ్లు కనిపెట్టారు. నెల తిరక్కుండా పట్టాలు పెరుక్కుని పోయారు. స్టేషను మాస్టరు పెట్టెలు బస్సు మీదికెక్కిస్తూ, "బిల్డింగు కూల్చేదాకా నువ్వు కాపలా. ఆర్డరు వస్తుంది, వచ్చేదాకా కదలకు" అని చెప్పి వెళ్లిపోయాడు. ఆర్డరు రాలేదు. ఎర్రజెండా కదల్లేదు. అరవయ్యో ఏట రిటైర్మెంటు కాగితం వచ్చింది. ‘చార్జి అప్పగించి వెళ్లగలరు’ అని ఉంది అందులో. ఎవరికి అప్పగించాలో లేదు. అడుగుతూ ఏడాదికి మూడు ఉత్తరాలు రాశాడు. ‘మీ లేఖ అందినది’ అని ఏడాదికి మూడు జవాబులొచ్చాయి.

అలా భార్యాభర్తలిద్దరూ అక్కడే ఉండిపోయారు. మాస్టరు గది పడకగదైంది. టికెట్ల గదిలో ఆవిడ పొయ్యి పెట్టుకుంది. ఆయన వెయిటింగ్ రూములో కూర్చుంటే, ఆవిడ టికెట్ కిటికీలోంచి కంచం తోసి, తల వంచి, "ఎక్కడికి? ఒకటా, రెండా?" అని అడిగేది. పెళ్లయినప్పటినుంచీ ఆయన్ని ఆటపట్టించడం ఆవిడకున్న ఒకే ఒక్క కాలక్షేపం. ఆయన ఒక్కసారైనా నవ్వేవాడు కాదు. "ఈ కిటికీ డ్యూటీ టైంలో తమాషాలకు కాదు" అనేవాడు.

బావమరిది తెచ్చిన అచ్చుకాగితాలు ఒక పుస్తకానివి. జిల్లాలో మిగిలిన స్టేషన్లు, పోయిన స్టేషన్లు అన్నిటి చరిత్రా రాయడానికి ఒక కమిటీ వేశారు. కమిటీలో ఏడుగురున్నారు. అందులో ఆరుగురు జన్మలో ఆ లైను మీద ప్రయాణం చేసినవాళ్లు కారు. ఏడోవాడు అధ్యక్షుడు, రైల్వేలో పెద్ద ఇంజనీరుగా చేసి రిటైరైనవాడు. పుస్తకం రాసిందీ ఆయనే, ముందుమాట రాసిందీ ఆయనే, ముందుమాటలో రచయితను మెచ్చుకున్నదీ ఆయనే.

ఎర్రజెండా ఆ పొద్దున్న మెట్ల మీద కూర్చుని పుస్తకం మొత్తం చదివాడు. ఒక్కో పేజీకి రక్తం ఒక్కో డిగ్రీ మరిగింది. మొదటి స్టేషను మెయిన్ లైను జంక్షన్లో ఉండి ఇప్పటికీ నడుస్తోంది కాబట్టి అది తప్పు రాయడానికి వీల్లేకపోయింది. మూడోది ‘కాలగర్భంలో కలిసిపోయింది’ అని రాశారు.

"కాలగర్భమా?" అన్నాడు ఎర్రజెండా. "తలుపులు సర్పంచి ఇంట్లో ఉన్నాయి. ప్లాట్‌ఫాం రాళ్ల మీద సగం ఊరు బట్టలుతుక్కుంటోంది. పేరు రాసిన బోర్డు మంగలి షాపులో బల్ల అయింది, నేను దాని మీద కూర్చుని గడ్డం గీయించుకున్నాను కూడా."

తొమ్మిదోది ‘చక్కగా పరిరక్షింపబడుతున్నది’ అట. మేకలు పరిరక్షిస్తున్నాయి.

"మిగతావాటితో మనకేంటి బావా, నీది చూసుకో" అన్నాడు బావమరిది. "వచ్చే గురువారం పుస్తకం విడుదల. జిల్లా అధికారిణి వస్తోంది. అందర్నీ బస్సులో ఎక్కించి స్టేషన్లన్నీ తిప్పుతారట."

ఆ మధ్యాహ్నమే ఎర్రజెండా పాత యూనిఫాం చొక్కా ఇస్త్రీ చేయించుకుని ఇంజనీరు ఇంటికి వెళ్లాడు. ముందుగదిలో నాలుగు గోడలా ఇంజనీరు సన్మానాల ఫొటోలే. అన్నిట్లోనూ శాలువా మారింది, మొహం మారలేదు.

"స్టేషను ఉందంటావు?" అన్నాడు ఇంజనీరు.

"ఉంది సార్."

"ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదండీ. అందులోనే ఉంటున్నాను."

"అదీ నీతో వచ్చిన చిక్కు. లోపల ఉండేవాడికి చరిత్ర కనపడదు. చరిత్రంటే ఆధారాలయ్యా. కూల్చినట్టు నా దగ్గర సంతకం చేసిన సర్టిఫికెట్ ఉంది. నీ దగ్గరేముంది?"

"స్టేషను ఉంది సార్."

ఇంజనీరు మొహం అప్పుడు కాస్త రంగు మారింది. ఎందుకంటే ఆ సర్టిఫికెట్ మీది సంతకం ఆయనదే. లైను మూసిన ఏడాది అయిదు స్టేషన్లను కూలగొట్టించే పని ఆయనకప్పగించారు. వాటిలో ఒకటైన ఆరో స్టేషను దారిలో కల్వర్టు వానకు కొట్టుకుపోయింది, జీపు ముందుకు కదల్లేదు. రోడ్డు పక్కన పాడుబడిన ఇటుకబట్టీ, దాని ముందు పగిలిన ఇటుకల గుట్ట కనిపించాయి. "అదేనేమో సార్" అన్నాడు అప్పటి డ్రైవరు. "అదే అయ్యుంటుంది" అని ఈయన జీపు బానెట్ మీదే సంతకం గీకేశాడు. భోజనానికి ఇంటికి చేరుకున్నాడు. ఆ తర్వాత ఇరవై రెండేళ్లలో ఆ సంగతి ఒక్కసారీ గుర్తుకు రాలేదు.

ఎర్రజెండా అక్కణ్నుంచి రైల్వే ఆఫీసుకు వెళ్లాడు. కింది అంతస్తులో ఆస్తుల విభాగం, పై అంతస్తులో సిబ్బంది విభాగం. కిందివాళ్ల రిజిస్టరులో స్టేషను లేదు. పైవాళ్ల రిజిస్టరులో ఆ స్టేషనుకు కాపలాదారుగా ఆయన పద్నాలుగేళ్లు జీతం తీసుకున్నాడు. ఈ రెండు రిజిస్టర్లకూ మధ్య పదహారు మెట్లున్నాయి. అవి ఎక్కిన నాథుడు లేడు.

"లేని బిల్డింగుకు చార్జి ఎలా తీసుకుంటామండీ?" అని విసుక్కుంది కింద కూర్చున్న గుమాస్తా అమ్మాయి.

"లేని బిల్డింగుకు నేను కాపలా ఎలా కాశానమ్మా?"

"అది పైన అడగండి."

శుక్రవారం ఇంజనీరు కారేసుకుని స్వయంగా వచ్చాడు. స్టేషను చుట్టూ తిరిగాడు. చేతికర్రతో గోడల్ని అక్కడక్కడా పొడిచి చూశాడు. ఎక్కడా చెక్కు కూడా రాలలేదు. "ఇంత గట్టిగా ఉందేంటయ్యా" అన్నాడు, ఎవరో తనను మోసం చేసినట్టు. కిటికీలోంచి ఆవిడ టీ అందిస్తే గోడ మీంచి చూపు తిప్పకుండానే అందుకున్నాడు.

టీ తాగాక, "ఇదిగో చూడు. పై శనివారం, అంటే విడుదలైన రెండోరోజు మనుషుల్ని పంపుతాను. ఒక్క పూట పని. మీరిద్దరూ ఈలోగా సామాన్లు సర్దుకోండి" అన్నాడు.

"ఎందుకండీ?" అన్నాడు ఎర్రజెండా.

"తప్పు జరిగింది కదా, సరిదిద్దాలి."

"తప్పు పుస్తకంలో జరిగింది కదండీ?" అని కిటికీలోంచి ఆవిడ అడిగింది.

"పుస్తకం అచ్చయిపోయిందమ్మా" అన్నాడు ఇంజనీరు, చిన్నపిల్లకు చెప్పినట్టు.

జేబులోంచి కాగితం కూడా తీశాడు. ‘శిథిలాలేమైనా మిగిలి ఉన్నచో తొలగించుటకు కమిటీకి అనుమతి ఇవ్వడమైనది.’ కింద రైల్వేవాళ్ల గుండ్రటి ముద్ర. ఆ ముద్ర చూడగానే ఎర్రజెండా చెయ్యి సలాముకు లేచింది. ఊళ్లో ప్రతివాడికీ వద్దని చెప్పిన మనిషి, ఇరవై రెండేళ్లుగా ఎదురుచూసిన ఆర్డరు ఇలా వచ్చేసరికి నిలువునా నీరుగారిపోయాడు. కారు వెళ్లిపోయాక చీపురు తీసుకుని ప్లాట్‌ఫాం ఊడవడం మొదలుపెట్టాడు. ఆ మర్నాడు సున్నం కలిపి అంచులకు తెల్లగీత గీశాడు.

"కూలగొట్టేదానికి సున్నమెందుకండీ?" అంది ఆవిడ.

"అప్పగించేటప్పుడు నీటుగా ఉండాలి."

"మీకసలు రక్తం ఉందా, సిగ్నల్ దీపాల నూనె ఉందా ఒంట్లో? ఆ మనిషి ఇంటి పైకప్పు పీకుతానంటుంటే మనం టీ ఇచ్చింది చాలక తెల్లగీతలు గీస్తారా?"

ఆయన గీత చివరిదాకా గీశాడు. ఆ సాయంత్రం భోజనం దగ్గర అన్నం కలుపుతూ కలుపుతూ ఆగిపోయాడు. ఆవిడ కిటికీలోంచి మజ్జిగ గ్లాసు తోసింది, టికెట్ మాట ఎత్తకుండా.

గురువారం బస్సు బయలుదేరింది. ముందు సీట్లో జిల్లా అధికారిణి, పక్కనే ఇంజనీరు, వెనక కమిటీ, దాని వెనక నలుగురు విలేఖరులు. బావమరిది చివరి సీట్లో కొత్త పుస్తకాల మధ్య ఇరుక్కుని కూర్చున్నాడు. ఆరో స్టేషను గుర్తుగా రోడ్డు మలుపులో, పాత ఇటుకబట్టీ పక్కన, ఒక రాయి పాతించారు. ‘ఇచ్చట ఒకప్పుడు స్టేషను ఉండెడిది.’ అసలు స్టేషను అక్కడికి అరమైలు దూరంలో చెట్ల వెనక ఉంది, రోడ్డుకు కనపడదు. ఇంజనీరు అన్నీ కొలుచుకునే పాతించాడు.

అధికారిణి రాయి మీది గుడ్డ లాగిందో లేదో వాన దంచికొట్టింది. అందరూ బస్సులోకి పరుగెత్తారు. బస్సు పైకప్పు ఆ జిల్లా బస్సులకు తగ్గట్టే ఉంది, బయటికన్నా లోపల ఎక్కువ కురిసింది.

"స్టేషన్‌కు పోదామా మేడం? వాన తగ్గేదాకా కూర్చోవచ్చు" అన్నాడు డ్రైవరు.

"ఏ స్టేషను?"

"ఇదే మేడం, ఆరోది. చిన్నప్పుడు మా అమ్మమ్మ ఊరికి ఇక్కడే ఎక్కేవాళ్లం."

"వద్దు వద్దు!" అని ఇంజనీరు లేచేసరికి బస్సు తిరిగిపోయింది.

ఎర్రజెండా యూనిఫాంలో ప్లాట్‌ఫాం మీద నిలబడి ఉన్నాడు. పద్ధతిగా సలాం కొట్టాడు. ఆయన భార్య వెయిటింగ్ రూము తలుపులు బార్లా తీసి, తువ్వాళ్లు తెచ్చి ఇచ్చింది. అధికారిణి తల తుడుచుకుని బల్ల మీద కూర్చుంది. ఆ గదిని చూసింది, టికెట్ కిటికీని చూసింది, చేతిలో తడిసిన పుస్తకం తెరిచి ఆరో స్టేషను పేజీ తీసింది. చదివింది. తలెత్తి పైకప్పు వైపు చూసింది. ఒక్క చుక్క కూడా కారడం లేదు.

"ఇది ఎప్పుడు కూలిందమ్మా?" అని ఎర్రజెండా భార్యను అడిగింది.

"మాకు చెప్పకుండా కూలిందండీ."

అధికారిణి ఇంజనీరు వైపు తిరిగింది. ఆయన కాసేపు నీళ్లు నమిలాడు. ఒంటి మీంచి కూడా నీళ్లు కారుతున్నాయి.

"అంటే మేడం... అధికారికంగా కూలింది. భౌతికంగా మాత్రం కొంత..."

"కొంత?"

"మొత్తం ఉందండీ."

విలేఖరులు కిసుక్కున నవ్వారు. అధికారిణి కూడా నవ్వాపుకుంటూ ఎర్రజెండాను అడిగింది. "ఏం పెద్దాయనా, స్టేషను బాగానే చూసుకుంటున్నారు. మరి ప్రయాణికుల ఫిర్యాదులేమైనా వస్తుంటాయా?"

అధికారిణి సరదాకి అడిగింది. ఎర్రజెండాకు సరదా అనేది ఉంటుందని తెలియదు. లోపలికి వెళ్లి ఎర్ర అట్ట వేసిన ఫిర్యాదుల పుస్తకం, పెన్ను తెచ్చి ఆవిడ ముందు పెట్టాడు. "లైను మూసిన్నాటినుంచీ ఎవరూ ఏమీ రాయలేదండీ" అన్నాడు, కొంచెం గర్వంగానే.

అధికారిణి ఒక నిమిషం ఆలోచించి, ‘రైలు రాలేదు’ అని రాసింది. కింద సంతకం, హోదా, తేదీ. మళ్లీ అందరూ నవ్వారు. వాన తగ్గాక బస్సెక్కి వెళ్లిపోయారు.

శనివారం పొద్దున్న, ముందే పురమాయించిన పనిని వద్దనడం ఎవరికీ గుర్తు లేక, గునపాలతో పదిమంది వచ్చారు. ఎర్రజెండా ప్లాట్‌ఫాం చివర అడ్డంగా నిలబడ్డాడు. ఫిర్యాదుల పుస్తకం విప్పి సంతకం చూపించాడు.

"ఫిర్యాదు తేలేదాకా స్టేషన్లో ఇటుక కదపకూడదు. రూలు."

"ఎన్నో రూలు?" అన్నాడు మేస్త్రీ.

"నూట నలభై రెండు."

మేస్త్రీ తల గోక్కున్నాడు, ఇంజనీరుకు ఫోన్ చేశాడు, ఎవరూ ఎత్తలేదు. టీ తాగి అందరూ వెళ్లిపోయారు.

"నిజంగా ఉందా ఆ రూలు?" అని అడిగింది భార్య.

"ఉండే ఉంటుంది" అన్నాడు ఎర్రజెండా. ఆయన ఉద్యోగ జీవితంలో అది మొదటి అబద్ధం. చెప్పాక ఫిర్యాదుల పుస్తకం రెండుసార్లు మూసి తెరిచాడు. కానీ మొహం మీద ఏదో వెలుగు కూడా వచ్చింది. ఆవిడ అది చూసి, ఆటపట్టించకుండా వదిలేసింది.

అంతకుముందు రోజు, శుక్రవారమే, ఆయన ఇంకో పని చేసి ఉన్నాడు. ఫిర్యాదుకు పద్ధతి ప్రకారం నకలు రాసి రైల్వే ఆఫీసుకు పంపాడు. ఒక జిల్లా అధికారిణి చేసిన ఫిర్యాదుకు ‘మీ లేఖ అందినది’ అని జవాబిస్తే సరిపోదు. కింది అంతస్తు, పై అంతస్తు కలిసి కూర్చోవాల్సి వచ్చింది. పదిహేను రోజులకు కవరు వచ్చింది, ‘స్టేషను ఇన్‌చార్జి గారికి’ అని పేరు పెట్టి. ‘మీ స్టేషనుకు రైలు రాకపోవుటకు గల కారణములను వారం లోపల వివరించవలెను.’

ఎర్రజెండా నాలుగు పేజీల వివరణ మొదలుపెట్టాడు. లైను వేసిన ఏడాది నుంచి ఎత్తుకున్నాడు.

"పట్టాలు లేవని రాయండి, చాలు" అంది ఆవిడ.

‘పట్టాలు లేనందున’ అని రాసి పంపారు. ఆ వివరణ సంతృప్తికరంగా ఉన్నట్టు జవాబు కూడా వచ్చింది. దాంతో స్టేషను ఉందని తేలిపోయింది. లేని స్టేషనును రైల్వేవాళ్లు వివరణ అడగరు కదా.

ఇంజనీరుకు ఏమైందని అడగకండి. ఏమీ కాలేదు. ఆయన పుస్తకంలో ఒక చిన్న దిద్దుబాటు చీటీ అంటించాడు. ‘ఆరో స్టేషను: కమిటీ కృషి వలన వెలుగులోకి వచ్చినది.’ ఆ కృషికి ఇంకో శాలువా కప్పారు. ఫొటో ఎక్కడ తగిలించాలో గోడ మీద చోటు దొరక్క కొంచెం ఇబ్బంది పడ్డాడంటారు.

ఎర్రజెండాకు మాత్రం అయింది. స్టేషను ఉందని తేలగానే అది ఆస్తి అయింది. ఆస్తి కాబట్టి అందులో ఎవరుంటున్నారన్న ప్రశ్న వచ్చింది. రిటైరైన మనిషి ఉండకూడదని జవాబు కూడా దానివెంటే వచ్చింది. రెండు నెలల్లో ఒక కుర్ర అధికారి చార్జి తీసుకోవడానికి దిగాడు. ఎర్రజెండా ఆనందం చూడాలి. దీపాలు నాలుగు, జెండాలు రెండు, బల్లలు మూడు, గోడ గడియారం ఒకటి అంటూ ఒక్కో వస్తువూ చూపించి టిక్కు పెట్టించుకున్నాడు. చివర ఆ కుర్రాడు ‘చార్జి తీసుకొనడమైనది’ అని సంతకం చేస్తే, ఆ కాగితాన్ని రెండు చేతులా పట్టుకుని మూడుసార్లు చదువుకున్నాడు.

"ఇంకేం, సాధించారు" అంది ఆవిడ, గిన్నెలు గోనెసంచిలో కుక్కుతూ. "కూలిపోయిన ఇంట్లో ఇరవై రెండేళ్లు హాయిగా ఉన్నాం. నిలబడ్డ ఇంట్లో రెండు నెలలు ఉండలేకపోయాం."

బావమరిది వీధిలో రెండు గదుల వాటా దొరికింది. మొదటి వారం ఆయనకు నిద్ర పట్టలేదు. పొద్దున్నే లేచి ఎక్కడ ఊడవాలో తెలియక వీధి ఊడ్చాడు. వీధివాళ్లు సంతోషించారు. ఆవిడకు మాత్రం పక్కింటావిడతో మాట్లాడుకునే వీలు చిక్కింది. అంతకుముందు నలభై ఏళ్లు ఆవిడకు పక్కిల్లే లేదు. ఆ లోటు ఎంతటిదో ఆయన ఎప్పుడూ అడగలేదు, ఆవిడా చెప్పలేదు.

ఆర్నెల్లకు స్టేషను మ్యూజియమైంది. ఒకరోజు ఇద్దరూ చూడ్డానికి వెళ్లారు. గేటు దగ్గర టికెట్ తీసుకోమన్నారు, తీసుకున్నారు. టికెట్ల గదిలో గాజు పెట్టెలో ఎవరివో దీపాలు పెట్టారు, ఈ లైనువి కావు. ఆవిడ పొయ్యి ఉన్న మూల గోడ మీద పొగమచ్చను చెయ్యి పెట్టి తడిమితే, కాపలావాడు "ఏయ్ అమ్మా, గోడలు ముట్టుకోకూడదు" అని అరిచాడు. ఆవిడ నిప్పు తగిలినట్టు చెయ్యి లాగేసుకుంది. ఎర్రజెండా ఆ కాపలావాడి దగ్గరికెళ్లి, చొక్కా గుండీ ఊడిందని చూపించి, ప్లాట్‌ఫాం తూర్పు చివర చెత్త ఉందని చెప్పి, బయటికొచ్చాడు.

తిరుగు బస్సులో ఆవిడ కిటికీ పక్కన కూర్చుంది. పక్క సీటు ఖాళీగా ఉన్నా ఆయన నిలబడే ఉన్నాడు. బండి కదులుతుంటే కూర్చునే అలవాటు లేదాయనకు.

"ఇది బస్సండీ" అంది ఆవిడ. "మీరు నిలబడకపోయినా పోతుంది."

ఆయన ఒకసారి ముందుకూ వెనక్కీ చూశాడు. తర్వాత కూర్చున్నాడు.

"చెయ్యి కాలిందా?" అన్నాడు.

"దేనికి కాలుద్ది? పొయ్యి తీసేసి ఆర్నెల్లయింది."

"గట్టిగా అరిచాడు కదా" అన్నాడాయన. బస్సు ఊరు దాటేదాకా ఆవిడ చెయ్యి పట్టుకునే ఉన్నాడు.